మధ్యలో నేను: రాయగడ నుంచి బోరిగుమ్మ దాకా

మా పొడుల సంఘంలో ఇద్దరి మధ్య మాటలు ఆగిపోయి అప్పటికి ఒక వేసవీ ఒక వానాకాలమూ గడిచిపోయాయి. ఆ ఇద్దరినీ చెరో పక్కన కూర్చోబెట్టుకుని నేను ఒడిశా వెళ్ళి వచ్చాను. కోరాపుట్ వైపు జలపాతాలు ఎక్కడున్నాయో, ఏ గుడికి ఎలా వెళ్ళాలో చెప్పేవాళ్ళు మీకు బోలెడుమంది దొరుకుతారు. నన్నడిగితే మాత్రం ఒక వెదురు కర్ర గురించీ, ఒక జలుబు గురించీ చెబుతాను.

మాది పార్వతీపురం దగ్గర పల్లె. పదిమంది ఆడవాళ్ళం కలిసి కారప్పొడి, కందిపొడి, నువ్వులపొడి చేసి అమ్ముతాం. నేను అధ్యక్షురాలిని, అంటే అందరి చేతా మాటలు పడే మనిషిని. సూరీడమ్మది బాణలి. మిరపకాయల దగ్గర్నుంచి ధనియాల దాకా ఆమె వేయించాల్సిందే. ఎప్పుడు దించాలో ఆమె ముక్కుకి తప్ప ఎవరికీ తెలియదు. గౌరి వయసులో ఆమెకి కూతురంత. ప్యాకింగూ, ఫోన్లో వచ్చే ఆర్డర్లూ గౌరివి. ఆ పిల్ల ఒకరోజు పొడి ప్యాకెట్టు చేతిలో పట్టుకుని వీడియో తీసి పెట్టింది. చూసినవాళ్ళంతా 'గౌరి కారప్పొడి' కావాలంటూ ఆర్డర్లు పెట్టడం మొదలెట్టారు. అంతే, మా షెడ్డులో అగ్గి రాజుకుంది.

"పొయ్యి కాడ సెమటలు కక్కింది నాను, పేరు దానిదా?" అని సూరీడమ్మ. "ఈడియోలోకి రమ్మంటే మొకానికి కొంగడ్డం ఎట్టుకుని పొమ్మన్నాది. నానేటి సెయ్యాల?" అని గౌరి. నిజం చెప్పాలంటే ఇద్దరిదీ న్యాయమే. అదే తంటా. ఆ రోజు నుంచి "ఉప్పు అయిపోనాదని దానికి సెప్పు" అని ఈమె, "తెచ్చేనని పిన్నికి సెప్పక్కా" అని ఆ పిల్ల. మధ్యలో నేను. ముగ్గురమూ పనిచేసేది ఒకే గదిలో!

ఒడిశాలో సంఘాలు ఎలా పనిచేస్తున్నాయో చూసి రమ్మని, ముగ్గురిని పంపిస్తామని పై ఆఫీసు నుంచి కబురొచ్చింది. ఎక్స్‌పోజర్ విజిట్ అంటారు దీన్ని. నేను ఈ ఇద్దరి పేర్లే ఇచ్చాను. సూరీడమ్మ ఒప్పుకుంది కానీ, బాంబు పేల్చి మరీ ఒప్పుకుంది. "రాయగడ మజ్జిగౌరమ్మని సూడాలని ఉన్నాది, అందుకని వత్తన్నాను. తిరిగొచ్చినాక నా బాణలి నాను పట్టుకెళ్ళిపోతాను. మీ సంఘానికో దణ్ణం" అంది. ఆమె వెళ్ళిపోతే షెడ్డుకి తాళం వెయ్యడమే. ఆమె చెయ్యి పడని పొడి ఎవరు కొంటారు? ఆ లెక్కలే వేసుకుంటూ రైలెక్కాను.

రాయగడ: వడ మీద కూర

స్టేషన్లో తులసి ఎదురొచ్చింది. పద్మపూర్ దగ్గర వ్యవసాయం చేసుకునే తెలుగు కుటుంబం పిల్ల. తాతలు శ్రీకాకుళం వైపు నుంచి వెళ్ళినవాళ్ళు. అక్కడి సంఘాలకి ఆమె సమన్వయకర్త. తెలుగు, ఒడియా, అక్కడి కొండజనం మాట్లాడే దేశియా, మూడూ ఒకే వాక్యంలో మాట్లాడేస్తుంది. "రండప్పా, రండి, ముందు జొలొఖియా తినీసి అమ్మోరి కాడికి ఎల్దాం" అంది. అప్ప అంటే అక్క, జొలొఖియా అంటే టిఫిన్.

రోడ్డు పక్క బండి దగ్గర అడ్డాకు దొన్నెలో నాలుగు వడలు వేసి, వాటి మీద బఠాణీల కూర గరిటెడు పోసి ఇచ్చాడు. ఇరవై రూపాయలు. వాళ్ళు దాన్ని బొరా, ఘుగునీ అంటారు. సూరీడమ్మ దొన్నెను ఎగాదిగా చూసి, "వడ ఏసేడు సరే, చెట్నీ ఏదీ? కూరెందుకు పోసీసేడు?" అని బండివాడినే నిలదీసింది. అతను నవ్వి ఇంకో గరిటె కూర పోశాడు. తిన్నాక మాత్రం వేలు నాకి, "జీలకర్ర మాడనివ్వలేదు, పరవాలేదు" అని మార్కులు వేసింది. ఆమె నోట 'పరవాలేదు' అంటే మెడల్ ఇచ్చినట్టే.

ఆదివారం కావడంతో గుడిలో విజయనగరం సంత ఇక్కడికే తరలొచ్చిందా అన్నట్టుంది. ఎటు చూసినా తెలుగే. సూరీడమ్మ కళ్ళు మూసుకుని పైకే మొక్కుకుంది. "తల్లీ, ఆ గుంటకి బుద్ధి పుట్టించు." పక్కనే ఉన్న గౌరి నా చెవిలో, "సూడక్కా, అమ్మోరికి కూడా నా మీద సాడీలు సెప్తన్నాది" అంది. నవ్వాలో ఏడవాలో తెలియక నేను కుంకుమ పెట్టుకున్నాను.

కాశీపూర్: ఎవరిదీ కాని విస్తరి

మర్నాడు కాశీపూర్ బస్సు. మలుపు మీద మలుపు. గౌరి ముఖం పాలిపోయి కిటికీకి అతుక్కుపోయింది. సూరీడమ్మ కొంగు ముడి విప్పి ఒక నిమ్మకాయ తీసి నా ఒళ్ళో పడేసింది. "దానికియ్యి. వాసన సూసుకోమను. బస్సులో కక్కితే పరువు పోతాది." పరువు కోసమే అన్నట్టు కిటికీ వైపు తిరిగి కూర్చుంది కానీ, ఆ పిల్ల తేరుకునేదాకా ఓరకంట చూస్తూనే ఉంది. నాకు కాస్త ఆశ పుట్టింది.

కాశీపూర్ నుంచి లోపలికి జీపులో వెళ్ళాక, కొండ వాలులో ఒక రేకుల షెడ్డు. అందులో ఒక పన్నెండు మంది ఆడవాళ్ళు గుండ్రంగా కూర్చుని అడ్డాకుల విస్తళ్ళు కుడుతున్నారు. మా వైపు విస్తరి కుట్టడం నేను చిన్నప్పటి నుంచీ చూశాను. ఒక మనిషి నడిమి ఆకు దగ్గర మొదలెట్టి, అంచు దాకా తానే కుట్టి, పక్కన పెట్టుకుంటుంది. సాయంత్రం ఎవరి కట్ట వాళ్ళది. ఇక్కడ అలా కాదు. ఒకామె నడుమ మూడు ఆకులు కలిపి వెదురు పుల్ల గుచ్చి పక్కామెకి ఇచ్చేస్తుంది. ఆమె ఒక వరస చుట్టి ఇంకొకరికి ఇస్తుంది. అలా చేతులు మారి మారి విస్తరి పూర్తవుతుంది. మొదలుపెట్టిన మనిషి దాన్ని పూర్తి చెయ్యకూడదని వాళ్ళ నియమం.

గౌరి ఫోను తీసి, "ఇంత బాగున్న విస్తరి ఎవలు కుట్టేరు?" అని అడిగింది. తులసి ఆ మాట దేశియాలో చెప్పగానే షెడ్డంతా గొల్లుమంది. నడుమ కూర్చున్న పెద్దావిడ దైమతి, ముఖం నిండా ముడతలున్నా నవ్వు మాత్రం చిన్నపిల్లది. "విస్తట్లో అన్నం తిన్నోళ్ళని అడుగు, ఆళ్ళకి తెలుస్తాదేమో" అందట, తులసి చెప్పింది. గౌరి బుగ్గలు ఎర్రబడ్డాయి. సూరీడమ్మ మాత్రం గెలిచినట్టు తల ఎగరేసింది.

ఆ ఎగరెయ్యడం దైమతి కంటపడింది. భోజనాల దగ్గర ఇంకోటీ కనిపెట్టింది. సూరీడమ్మ నాతో, నేను గౌరితో, గౌరి నాతో, నేను సూరీడమ్మతో. అంబలి గిన్నె అందించడానికి కూడా ఇదే ప్రయాణం. (మా చోడంబలి, అంటే రాగి అంబలి లాంటిదే, కాకపోతే ఇంకా పలచన, పక్కన కాల్చిన ఎండుచేప.) దైమతి తులసిని పిలిచి ఏదో గుసగుసలాడింది. తులసి నా వైపు తిరిగి నవ్వు ఆపుకుంటూ, "అప్పా, ఈళ్ళకో పద్ధతి ఉన్నాదట. సంఘంలో ఇద్దరికి మాటల్లేకపోతే ఆకుల మోపు ఆ ఇద్దరే తేవాలట. ఒకే కర్ర మీద. ఈ పూట మోపు మీవోళ్ళు తెత్తారేటని అడుగుతన్నారు" అంది.

నేను క్షణం ఆలోచించలేదు. "తెస్తారు!" అన్నాను.

"నానా? దాంతోటా?" అని సూరీడమ్మ. కానీ పన్నెండు మంది పరాయి ఆడవాళ్ళు అప్పటికే చప్పట్లు కొడుతున్నారు. పరువు మనిషి కదా, కాదనలేకపోయింది.

కొండ మీద ఆకుల మోపు నా ఎత్తుంది. దాన్ని వెదురు కర్రకి వేలాడగట్టి ముందొకరు, వెనకొకరు భుజాన పెట్టుకోవాలి. నేను పక్కన చెయ్యి వెయ్యబోతే దైమతి నా మణికట్టు పట్టుకుని వెనక్కి లాగింది. మధ్యలో ఎవరూ పట్టుకోకూడదు, పడితే పడనీ అంది. సూరీడమ్మ పొడగరి, గౌరి పొట్టిది. దిగుడులో గౌరి ముందు ఉండేసరికి మోపంతా జారి ఆ పిల్ల వీపు మీదికి వచ్చేసింది. రెండడుగులు తూలింది.

"ఆగు!" అని అరిచింది సూరీడమ్మ. ఏడెనిమిది నెలల తర్వాత గౌరితో ఆమె అన్న మొదటి మాట అది. "ఆగమంటన్నానా! సివర నువ్వుండు, ముందు నాను దిగుతాను."

"అలాగైతే బరువంతా నీ మీద పడతాది పిన్నీ."

"పడనీ. నడు."

మాటలు కలిశాయని నేను సంబరపడిపోయాను. అంతలో తుప్పర మొదలైంది. కాలం కాని వాన. మోపు దించే చోటు లేదు, గొడుగు పట్టే చెయ్యి లేదు. ఇద్దరూ షెడ్డు దాకా తడిసి ముద్దయి వచ్చారు. మోపు దించారు. కొంగులు పిండుకున్నారు. సూరీడమ్మ నా దగ్గరకొచ్చి, "ఆ కర్ర లోపలెట్టీమని దానికి సెప్పు" అంది.

నా సంబరం మీద కుండెడు నీళ్ళు పోసినట్టయింది. తులసి చేత దైమతికి చెప్పిస్తే ఆమె ఏమీ బెంగపడలేదు. "ఒక్క మోపుకే ఐపోతాదేటి? మా ఇద్దరికీ ఒక పంటకాలమంతా పట్టింది" అని పక్కన ఆకులు కుడుతున్న ఆమె భుజం తట్టింది. ఇద్దరూ పడీపడీ నవ్వారు.

కోరాపుట్: చలి

లక్ష్మీపూర్ మీదుగా కోరాపుట్ చేరాం. దారి పొడవునా నూనెగింజల పంట వలిసెలు పూశాయి. కొండవాలంతా పసుపు ఆరబోసినట్టుంది. అరకులో ఫొటోలు తీసుకోవడానికి డబ్బులడుగుతారే, ఆ పూలే. ఇక్కడ ఎవరూ ఏమీ అడగలేదు. ఒక రైతు తన చేలోంచి మమ్మల్ని చూసి చెయ్యి ఊపాడు కూడా.

కోరాపుట్ చలి మనకి తెలిసిన చలి కాదు. పొద్దున్న టీ గ్లాసు నోటి దాకా వచ్చేలోపు చల్లారిపోతోంది. సూరీడమ్మ తుమ్మింది. మళ్ళీ తుమ్మింది. ఆ తర్వాత ఇక లెక్క లేదు. "జలుబు చేసిందా అప్పా?" అని తులసి అడిగితే, "నాకెందుకు సేత్తాది? దుమ్ము" అంది. చుట్టూ మంచు తప్ప దుమ్మెక్కడుంది?

అక్కడే తులసి అసలు వార్త చెప్పింది. బోరిగుమ్మలో సాలూరు నుంచి వెళ్ళి స్థిరపడిన ఒక షావుకారు కుటుంబం ఉంది. హోల్‌సేల్ కొట్టు. మా పొడుల సంగతి విని, ఈ కొండ వలిసెలతో పొడి చేసి రుచి చూపిస్తే తన కొట్లో పెడతానన్నాడట. మా సంఘానికి జిల్లా దాటిన కొట్టు ఒక్కటీ లేదు. నాకు కాళ్ళు నేల మీద ఆనలేదు. సూరీడమ్మ ఒప్పుకుంటుందా అని భయపడ్డాను గానీ, వేయించే పని అనగానే ఆమె నడుం నిటారుగా అయింది. "నా సెయ్యి సూపించి మరీ ఎల్తాను" అంది. ఆ 'వెళ్తాను' దగ్గర నా ప్రాణం ఉసూరుమంది.

బోరిగుమ్మ: నల్లగింజలు

బోరిగుమ్మ సంత రోజు. అల్లం బస్తాలు, ఎండుచేపలు, వెదురు చాటలు. షావుకారు ఇంట్లో అడుగుపెట్టగానే సాలూరు తెలుగు వినబడి మా ముగ్గురికీ పుట్టింటికి వచ్చినట్టయింది. ఆయన భార్య సత్యవతి గారు ముందు వేడివేడి ఉప్మా పెట్టింది. దాని మీద, అయ్య బాబోయ్, ఇక్కడా బఠాణీల కూరే.

వలిసెలు వేయించడం గురించి తెలియనివాళ్ళకి ఒక మాట. నువ్వులైతే రంగు తిరగడం కంటికి కనిపిస్తుంది. వలిసెలు పుట్టడమే నలుపు. పచ్చివైనా, వేగినా, మాడినా చూడ్డానికి ఒకటే. ముక్కు ఒక్కటే దిక్కు.

సూరీడమ్మ బాణలి పొయ్యి మీద పెట్టి, గింజలు పోసి, గరిటె తిప్పడం మొదలెట్టింది. షావుకారు గడప దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. కాసేపటికి కమ్మటి వాసన వచ్చింది. దించుతుందని చూశాను. దించలేదు. తిప్పుతూనే ఉంది. వాసన ముదురుతోంది. గౌరి నా మోచెయ్యి గిల్లింది. "అక్కా, మాడిపోతన్నాది. పిన్నికి సెప్పు."

నా నోటి చివరిదాకా వచ్చింది మాట. కానీ ఎందుకో నా మణికట్టు పట్టుకుని లాగిన దైమతి చెయ్యి గుర్తొచ్చింది. కోపం కూడా వచ్చింది. ఎన్నాళ్ళని? "నీకు నోరు లేదా? నువ్వే చెప్పు" అన్నాను. గౌరి నన్ను చూసింది, ఆమెను చూసింది, నోరు తెరిచింది, మూసింది. అంతే, పొగ లేచిపోయింది.

వంటిల్లంతా మాడు కంపు. షావుకారు మర్యాదస్తుడు, దగ్గుతూ కూడా "పరవాలేదమ్మా, మా పొయ్యి మీకు కొత్త కదా" అన్నాడు. సూరీడమ్మ బాణలి దించి, గింజల్ని చేతిలోకి తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది. గట్టిగా పీల్చింది. ఇంకోసారి పీల్చింది. ఆమె ముఖం చూస్తే నాకు భయమేసింది. అంత గట్టి మనిషి కళ్ళనిండా నీళ్ళు.

"ఏటీ తెలీటంలేదు" అంది మెల్లగా. "పొద్దున్న టీ కూడా వాసన లేదు. ఎలాగో గట్టెక్కీగలననుకున్నాను. ఈ సలి నా ముక్కు తినీసింది."

అప్పుడు గౌరి లేచి వెళ్ళి బాణలి తోమింది. పొయ్యి మీద పెట్టింది. "పిన్నీ, నువ్వు తిప్పు. నాను వాసన సూత్తాను. ఎలాగుండాలో సెప్పు" అంది. నాతో కాదు, ఆమెతో.

"నువ్వా? నీకేటి తెలుసు?"

"ఏటీ తెలీదు. అందుకే సెప్పమంటన్నాను."

సూరీడమ్మ పొయ్యి మంట సరిచేసింది. తర్వాత గింజలు పోసింది. మేము ఇన్నేళ్ళుగా ఎన్నిసార్లు అడిగినా చెప్పనిది, ఆ ఒడియా ఊరి వంటింట్లో, మూసుకుపోయిన ముక్కుతో, ముద్దముద్దగా చెప్పింది. "ముందు తడి గోనెసంచి వాసనొత్తాది. వచ్చిందా?"

"వచ్చింది."

"తరవాత అది పోతాది. ఏటీ వాసనుండదు. కాలీగుంటాది. అక్కడే అందరూ మోసపోతారు, ఇంకా ఏగలేదని మంట పెంచీస్తారు. పెంచకూడదు. ఓపిక పట్టాల."

గౌరి బాణలి మీదికి వంగి కళ్ళు మూసుకుంది. చెమట ధారగా కారుతోంది. "ఇంకా గోనెసంచే... ఇంకా... పోనాది పిన్నీ. కాలీగున్నాది."

"అదే. ఇప్పుడు మాట్లాడకు. కొత్తగా కమ్మదనం పుడతాది. బాగా రానివ్వకు. పుట్టగానే సెప్పీ."

గరిటె తిరుగుతోంది. షావుకారు కుర్చీ చివరికి జరిగి కూర్చున్నాడు. నా ముక్కుకి ఇంకా ఏమీ అందలేదు.

"దించీ!" అంది గౌరి.

సూరీడమ్మకి ఆ వాసన తెలియదు. రంగు చూసి పోల్చుకునే వీలు లేదు. ఆ పిల్ల మాట ఒక్కటే ఆధారం. తెల్లారి లేస్తే ఎవరి ముఖం చూడనందో ఆ పిల్ల మాట. మారు ప్రశ్న వెయ్యకుండా కొంగుతో బాణలి పట్టి దించేసింది.

బెల్లం, ఎండుమిరప, చింతపండు, ఉప్పు. రోట్లో దంచాక సత్యవతి గారు వేడన్నంలో కలిపి భర్తకి పెట్టింది. ఆయన తిని, మారు వడ్డించమని కంచం చాపాడు. "సిన్నప్పుడు మా అవ్వ సేసీది" అన్నాడు. అంతకంటే పొగడ్త ఏం కావాలి? ఆర్డరు ఇచ్చి, "ఇంతకీ పాకిట్టు మీద ఎవరి పేరెట్టమంటారు?" అని అడిగాడు.

మావాళ్ళిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నేను గోడకి చేరగిలబడ్డాను.

తిరుగు రైలు

కోరాపుట్ నుంచి రాయగడకి రైలు కొండల్ని తొలుచుకుంటూ దిగుతుంది. సొరంగం వెంట సొరంగం. జనం సొరంగం వచ్చినప్పుడల్లా ఈల వేస్తారు. మా పెట్టెలో ఆ ఈలలు కూడా వినబడనంత గొడవ. సూరీడమ్మ, గౌరి ఎదురెదురు సీట్లలో కూర్చుని దెబ్బలాడుకుంటున్నారు.

"పేరు నాదే ఉండాల."

"ఉంటాది. కానీ ఈడియోలోకి రావాల."

"నాను రాను. నా మొకం ఎవలు సూత్తారు?"

"మొకం ఎవలడిగేరు? సేతులు సూపించు. గరిటె తిప్పే సేతులు సాలు."

"మసి సేతులా?"

"ఆ మసే కావాల పిన్నీ!"

చుట్టుపక్కల వాళ్ళు తలలు తిప్పి చూశారు. ఒకాయన నన్ను, "మీవాళ్ళేనా అమ్మా? కాస్త సర్దిచెప్పండి" అన్నాడు. నేను చెప్పనన్నాను. ఇంత హాయిగా ఉన్న గొడవని ఎవరైనా ఆపుతారా? రాయగడ వచ్చేదాకా నన్ను ఒక్కరూ మధ్యలోకి పిలవలేదు. వేరుశనక్కాయలు కొనుక్కుని, కాళ్ళు చాపుకుని, కొండలు చూస్తూ ఒక్కదాన్నే తిన్నాను.

పార్వతీపురంలో దిగి సామాను సర్దుకుంటుంటే సూరీడమ్మ గౌరిని ఆపింది.

"అమ్మీ, రేపు బేగి షెడ్డు కాడికి వచ్చీ. మిరపకాయల వాసన ఏరేగుంటాది. దానికి వలిసెల లెక్క పనికిరాదు."

బాణలి పట్టుకెళ్ళిపోతానన్న మనిషి ఈమేనా అని నేను నోరు తెరుచుకుని నిలబడ్డాను. గౌరి సంచీ భుజాన వేసుకుంటూ, "రేపటికి నీ జలుబు తగ్గిపోతాది కదా పిన్నీ, మరి నానెందుకు?" అంది.

"తగ్గితే తగ్గనీ" అంది సూరీడమ్మ. "నా ముక్కు బాగయినా సరే, నువ్వు రా."